విశాఖ వెళుతున్నారా? ముందు గది సంగతి చూసుకోండి!

పిల్లల పరీక్షలు అయిపోయాయంటే చాలు, మన ఇళ్ళల్లో మొదలయ్యే పోరు ఒక్కటే. "అమ్మా, ఈసారైనా సముద్రం చూపిస్తావా?" అని. సికింద్రాబాదులో ఉండేవాళ్ళకి సముద్రమనగానే ముందుగా గుర్తొచ్చేది విశాఖపట్నమే. మా బోయిగూడ వాళ్ళకైతే మరీను! స్టేషను పదో నంబరు ప్లాట్‌ఫారం వైపు దారి మా పేటలోకే వస్తుంది. రైలు కూతని బట్టి టైము చెప్పే పెద్దవాళ్ళు మా వీధిలో ఇప్పటికీ ఉన్నారు. సాయంత్రం గోదావరి ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దిగుతాం. 1974 ఫిబ్రవరిలో మొదలైన ఆ బండిలో కాపరానికి వెళ్ళినవాళ్ళూ, పురిటికి వచ్చినవాళ్ళూ, ఇప్పుడు మనవల్ని తీసుకెళుతున్నవాళ్ళూ కూడా ఉన్నారు.

మొన్న మా పక్కింటి అమ్మాయి ఫోను చేత్తో పట్టుకుని వచ్చింది. "పిన్నిగారూ, టికెట్లు అయిపోయాయి. ఇంక గది ఒక్కటే మిగిలింది. ఈ బొమ్మలు చూసి ఏదో ఒకటి బుక్ చేసెయ్యమంటున్నారు మావారు. మీరు చాలాసార్లు వెళ్ళారుగా, ఏ హోటలు మంచిదో చెప్పండి" అంది. ఆమెకి నాలుగేళ్ళ పాప, ఏడాదిన్నర బాబు. వాళ్ళతో పాటు మోకాళ్ళ నొప్పులతో బాధపడే అత్తగారు.

"పేరు మాత్రం చెప్పను, ఎలా ఎంచుకోవాలో చెబుతాను, కూర్చో" అన్నాను. ఎందుకంటారా? నిరుడు శుభ్రంగా ఉన్న హోటలు ఈ ఏడు చేతులు మారిపోవచ్చు. నాకు నచ్చింది ఆమెకి పనికిరాకపోవచ్చు. కానీ చూసుకోవడం తెలిస్తే విశాఖ ఒక్కటే కాదు, పూరీ వెళ్ళినా, పుదుచ్చేరి వెళ్ళినా మోసపోం. ఆమెకి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

నేను చేసిన పొరపాటు

ముందు నా తెలివితక్కువతనం ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ కిందట మా అత్తయ్యగారికి సముద్రం చూడాలని కోరిక పుట్టింది. జీవితమంతా నీళ్ళు పట్టుకోవడం, వండి వార్చడం తప్ప ఎరగని మనిషి. ఎన్నడూ ఏదీ అడగని ఆవిడ నోరు విడిచి అడిగిందని అందరం కలిసి బయలుదేరాం. "సముద్రం కనిపించే గది" అని ప్రకటన చూసి, ముందుగా డబ్బు కట్టేశాం.

తెల్లవారుజామున దిగాం. హోటలువాళ్ళు గది పన్నెండింటికి గానీ ఇవ్వమన్నారు. కావాలంటే ఇంకో రోజు అద్దె కట్టాలట. పిల్లలు పెట్టెల మీదే నిద్ర. పాపం, అత్తయ్యగారు మధ్యాహ్నం దాకా ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే. గది మూడో అంతస్తు. లిఫ్టు ఉంది, పనిచెయ్యదు. ఇక సముద్రమా? బాత్‌రూము కిటికీలోంచి మెడ సాచి చూస్తే రెండు మేడల మధ్య జానెడు నీలిరంగు!

ఆ మూడు రోజుల్లో ఆవిడ మెట్లు దిగింది రెండుసార్లే. ఒకసారి సింహాచలానికి, ఒకసారి తిరుగు రైలుకి. ఆ మధ్యలో ఆటోలోంచే సముద్రం చూపించాం. "చూశానుగా, బాగుంది" అంది. ఆ తరవాత మళ్ళీ ఆవిడకి ప్రయాణం పడలేదు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మనసు కలుక్కుమంటుంది. నాలుగు ప్రశ్నలు ముందు అడిగి ఉంటే ఆవిడ రోజూ సాయంత్రం ఇసకలో కూర్చునేది. అందుకే గది అంటే చిన్న విషయం కాదంటాను.

ముందు మీ ఇంటి లెక్క వేసుకోండి

హోటళ్ళు వెతికే ముందు ఒక కాగితం తీసుకోండి. ఎవరెవరు వస్తున్నారో రాయండి. ఒక్కొక్కరి ఎదురుగా వాళ్ళకి తప్పనిసరిగా కావలసింది ఒక్కటే రాయండి. అత్తగారికి లిఫ్టూ, కూర్చునే రకం కమోడూ. పసిబిడ్డకి రాత్రి పూట వేణ్ణీళ్ళు. బడికెళ్ళే పిల్లలకి పరిగెత్తడానికి చోటు. మామగారికి పొద్దున్నే కాఫీ, పత్రిక. మావారికి కారు పెట్టుకునే జాగా. ఇంతేనా? మీ పేరు కూడా రాసుకోండి. చాలామంది రాయరు! మీకేం కావాలో కూడా ఆ కాగితం మీద ఉండాలి.

ఇలా రాశాక మీకే తెలిసిపోతుంది. ఈత కొలనూ, పాలరాతి హాలూ మీ జాబితాలో ఎక్కడా లేవు కదూ! లేనివాటికి డబ్బు పోయనక్కరలేదు.

ఏ పేటలో దిగితే ఎవరికి బాగు?

విశాఖ సముద్రం ఒడ్డున బారుగా సాగిన ఊరు. ఒక మూల నుంచి ఇంకో మూలకి ఆటో ఖర్చే తడిసి మోపెడవుతుంది. గది ఎక్కడ అన్నది తేలిస్తే సగం పని అయినట్టే.

స్టేషను, ద్వారకా బస్టాండు, ద్వారకానగర్ చుట్టుపక్కల: ఒకటి రెండు రోజులకి వెళ్ళేవాళ్ళకీ, అరకు వెళ్ళేవాళ్ళకీ ఇది అనువు. అరకు వైపు వెళ్ళే కిరండూలు బండి పొద్దున్నే బయలుదేరుతుంది. ముందురోజు రాత్రి స్టేషను దగ్గర పడుకుంటే పిల్లల్ని నాలుగింటికి లేపి హడావుడి పెట్టక్కరలేదు. ఇడ్లీ హోటళ్ళు, మందుల షాపులు అన్నీ దగ్గరే. అయితే రోడ్డు వైపు గది తీసుకుంటే రాత్రంతా హారన్లే. వెనకవైపు గది అడగండి.

జగదాంబ సెంటరు, డాబాగార్డెన్స్, సూర్యాబాగ్: ఊరి మధ్య. చీరల షాపులు, సినిమా హాళ్ళు, భోజనం హోటళ్ళు కాలినడక దూరంలో ఉంటాయి. చాలాకాలంగా నడుస్తున్న పేరున్న హోటళ్ళు ఇటువైపు చాలా ఉన్నాయి. బీచికి ఆటోలో కాసేపే. పెద్దవాళ్ళతో, పిల్లలతో మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఈ పేటే.

బీచి రోడ్డు: రామకృష్ణా మిషన్ ఆశ్రమం ఉండబట్టే అది రామకృష్ణా బీచి అయింది. ఇక్కడ దిగితే పొద్దునా సాయంత్రం సముద్రం మీదే. జలాంతర్గామి కురుసురా కూడా ఈ రోడ్డు మీదే. 2002లో దాన్ని మ్యూజియంగా తెరిచారు. ఎదురుగానే టీయూ–142 విమానం మ్యూజియం. అద్దె మిగతాచోట్ల కన్నా ఎక్కువే. "సముద్రం ఎదురుగా" అనడానికీ, "సముద్రం దగ్గర" అనడానికీ తేడా ఉందని మాత్రం నా కథ విన్నారుగా! గది కిటికీలోంచి తీసిన ఫొటో పంపమని అడగండి. మొహమాటపడకండి.

పాతపట్నం, వన్‌టౌను: అసలు విశాఖ చరిత్రంతా ఇక్కడే ఉంది. 17వ శతాబ్దంలోనే ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ వర్తకం పెట్టారు. కురుపాం మార్కెట్టు, పాత టౌన్‌హాలు, విక్టోరియా రాణి విగ్రహం అన్నీ ఇటే. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి గుడి కప్పు ఉండదు. ఆకాశం కిందే ఉంటుంది తల్లి. ఎవరి చేత్తో వాళ్ళే పూజ చేసుకోవచ్చు. చూసి తీరవలసిన చోటే గానీ సందులు ఇరుకు, బస చేసే వసతి తక్కువ. పసిపిల్లలతో అయితే వేరేచోట దిగి, ఒక పూట ఇటు వచ్చి వెళ్ళండి.

ఋషికొండ, భీమిలి వైపు: ఊరికి దూరం, గోల ఉండదు. ఋషికొండ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. దారిలో తొట్లకొండ బౌద్ధ స్తూపాలు, ఇంకా ముందుకు వెళితే డచ్చివాళ్ళ పాత సమాధులున్న భీమిలి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరది. రెండు రోజులు కదలకుండా విశ్రాంతి కావాలనుకునేవాళ్ళకి బాగుంటుంది. కానీ రాత్రి పూట బిడ్డకి జ్వరమొస్తే డాక్టరు ఎక్కడ, భోజనం హోటల్లోనే తినాలా, దాని ధర ఎంత అన్నవి ముందే తెలుసుకోండి. బయట తినడానికి ఏమీ దొరకనిచోట ఇడ్లీ ప్లేటు కూడా బంగారమే.

సింహాచలం మొక్కు కోసమే వెళ్ళేవాళ్ళు దేవస్థానం వారి సత్రాలు, కాటేజీల గురించి ముందుగా విచారించుకోండి. ఖర్చు కలిసొస్తుంది, పొద్దున్నే దర్శనానికి పరుగులుండవు.

పన్నెండు గంటలా? ఇరవై నాలుగు గంటలా?

మన ఇంటి ఖర్చు లెక్కల్లో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. కొన్ని హోటళ్ళలో మీరు ఏ వేళకి దిగితే మర్నాడు ఆ వేళ దాకా ఒక రోజు. దీన్నే 24 గంటల చెకౌటు అంటారు. ఇంకొన్నింట్లో మధ్యాహ్నం పన్నెండింటికో, పదకొండింటికో రోజు మారిపోతుంది. మీరు ఉదయం ఆరింటికి దిగితే, ఆరు గంటలకే ఒక రోజు అద్దె చెల్లినట్టు!

లెక్క చూడండి. గది అద్దె రోజుకి 2,000 రూపాయలనుకుందాం. ఆదివారం ఉదయం 6 గంటలకి దిగి, మంగళవారం సాయంత్రం రైలెక్కుతారు. 24 గంటల పద్ధతిలో మంగళవారం ఉదయం 6కి రెండు రోజులు పూర్తవుతాయి. సాయంత్రం దాకా ఉంటే మూడో రోజు పడుతుంది. అంటే 6,000. పన్నెండు గంటల పద్ధతిలో ఆదివారం పన్నెండు లోపల ఒకటి, సోమవారం దాకా ఒకటి, మంగళవారం దాకా ఒకటి, సాయంత్రం వరకూ ఇంకొకటి. మొత్తం 8,000! ఒక్క ప్రశ్న అడిగితే రెండు వేలు మిగిలాయి. పిల్లలకి కావలసినవన్నీ ఆ డబ్బుతో వస్తాయి.

పన్నెండు గంటల హోటలే నచ్చిందనుకోండి, రెండు దారులున్నాయి. మొదటిది, "పొద్దున్నే గది ఖాళీగా ఉంటే ఇస్తారా, దానికి సగం అద్దె తీసుకుంటారా?" అని ముందే మాట్లాడుకోవడం. రెండోది, రైలు మార్చుకోవడం. సికింద్రాబాదు నుంచి విశాఖకి వందే భారత్ 2023 జనవరిలో వచ్చింది, 2024 మార్చిలో రెండోది వచ్చింది. తెల్లవారుజామున బయలుదేరేది మధ్యాహ్నానికి చేరుస్తుంది కాబట్టి గది కోసం ఎదురుచూపులుండవు. మధ్యాహ్నం ఎక్కేది చేరేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది. పసిబిడ్డలతో అది కష్టం. స్టేషనులోనే రైల్వేవారి విశ్రాంతి గదులు కూడా ఉన్నాయి. ఖాయమైన టికెట్టుతో ముందుగా బుక్ చేసుకుంటే స్నానాలకీ, కాసేపు నడుం వాల్చడానికీ పనికొస్తాయి.

ఇంకో మాట. మన స్టేషను కొత్తగా కడుతున్నందువల్ల కొన్ని బళ్ళు చర్లపల్లికి మారాయి. ఇంటి పక్కనే స్టేషను ఉంది కదా అని ధీమాగా ఉండకండి. టికెట్టు మీద ఎక్కవలసిన స్టేషను పేరు ఏముందో ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

ఫోను చేసి అడగండి

బుకింగు ఫోన్లోనో, కంప్యూటర్లోనో చేసినా, డబ్బు కట్టే ముందు హోటలుకి ఒకసారి మీరే మాట్లాడండి. "మావారు మాట్లాడతారులే" అనుకోకండి. మగవాళ్ళు అద్దె అడిగి ఊరుకుంటారు. మనం అడగవలసినవి ఇవీ:

* లిఫ్టు ఉందా? కరెంటు పోతే జనరేటరు మీద నడుస్తుందా? గేటు నుంచి లిఫ్టు దాకా ఎన్ని మెట్లు?
* బాత్‌రూములో కమోడు ఏ రకం? నేల జారుతుందా? పట్టుకోవడానికి కడ్డీ ఉందా?
* వేడినీళ్ళు రోజంతానా, పొద్దున మూడు గంటలేనా?
* నలుగురు పడుకునే గది ఉందా, లేక లోపలినుంచి తలుపున్న జంట గదులా? అదనపు పరుపుకి ఎంత? పిల్లలకి ఏ వయసు దాకా అద్దె లేదు?
* పాలు కాచి ఇస్తారా? గదిలో నీళ్ళు కాచుకునే కెటిల్ ఉందా?
* చెప్పిన అద్దెలో పన్ను కలిసిందా? ఉదయం టిఫిను కలిసిందా?
* కింద బారు ఉందా? పెళ్ళి హాలు ఉందా?

ఆఖరి ప్రశ్నకి నవ్వకండి. కింద బారు ఉంటే రాత్రి పూట ఆడపిల్లలతో లిఫ్టెక్కడం ఇబ్బంది. ముహూర్తాల రోజుల్లో పెళ్ళి హాలున్న హోటల్లో దిగితే తెల్లవార్లూ బాజాలే.

పన్ను సంగతి కూడా తెలుసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల దాకా అద్దె ఉన్న గదులకి జీఎస్టీ 5 శాతమే. అంతకు ముందు 12 శాతం ఉండేది. బిల్లులో పాత లెక్క వేస్తే ధైర్యంగా అడగండి. భోజనం బిల్లులో సర్వీసు ఛార్జీ అని వేస్తే అది మన ఇష్టం, కట్టితీరాలని లేదు. పేచీ వస్తే వినియోగదారుల సహాయ నంబరు 1915.

ఈమధ్య ఇంకో మోసం బయలుదేరింది. హోటలు పేరుతో దొంగ నంబర్లు పెట్టి, "సగం డబ్బు ఇప్పుడే పంపండి, ఒక్క గదే మిగిలింది" అని తొందరపెడతారు. తొందరపెట్టాడంటేనే అనుమానించండి. హోటలు రిసెప్షనుకే ఫోను చేసి, బుకింగు వాళ్ళ పుస్తకంలో పడిందో లేదో కనుక్కోండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పండి. ఎంత త్వరగా చెబితే అంత మంచిది.

మెట్ల సంగతి మాత్రం మరవకండి

ఈ మాట చెప్పడానికి నాకు మనసు రాదు. కానీ బోయిగూడలో ఉండి చెప్పకపోతే తప్పు. 2022 మార్చి 23 తెల్లవారుజామున మా పేటలోనే ఒక తుక్కు గోదాములో మంటలు లేచాయి. పైన నిద్రపోతున్న 11 మంది బీహారు కూలీలు బయటికి రాలేకపోయారు. కిందికి దిగే దారి ఇరుకు, మంట ఉన్నది ఆ దారిలోనే. ఆ సైరన్లు విన్నవాళ్ళం మేమంతా. అదే ఏడు సెప్టెంబరు 12 రాత్రి మన సికింద్రాబాదులోనే ఒక హోటలు కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో అంటుకున్న మంట, పొగగా మారి మెట్ల మీదుగా పైగదుల్లోకి వెళ్ళింది. 8 మంది పోయారు. వాళ్ళు మనలాగే ఏదో పని మీద ఊరుకాని ఊరొచ్చి, ఒక రాత్రికి గది తీసుకున్నవాళ్ళు.

అప్పుడు నాకు మా పాత హోటలు గుర్తొచ్చింది. రెండో మెట్లదారి ఉండేది గానీ, దాని నిండా పాత పరుపులు పేర్చి, తలుపుకి తాళం వేసి ఉండేది. ఆ రోజుల్లో ఎందుకూ అనికూడా అడగలేదు నేను.

అప్పటినుంచీ ఏ ఊరెళ్ళినా పెట్టె విప్పకముందే ఒక పని చేస్తాను. మీరూ చెయ్యండి. అయిదు నిమిషాలు పట్టదు.

గది నుంచి బయటికొచ్చి మెట్లు ఎటున్నాయో చూడండి. రెండో దారి ఉందా? తలుపు తీస్తే తెరుచుకుంటుందా? గదికీ మెట్లకీ మధ్య ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టండి. పొగలో కళ్ళు కనిపించవు, లెక్కే దారి చూపిస్తుంది. కింద సెల్లారులో ఏముందో చూడండి. వాహనాలు ఛార్జింగు పెట్టే చోటో, గ్యాసు సిలిండర్లో గుట్టగా ఉంటే పై అంతస్తు గది వద్దనండి. కిటికీకి కదలని ఇనప ఊచలుంటే ఇంకో గది అడగండి. పెద్దవాళ్ళతో వెళితే మొదటి, రెండో అంతస్తులే మేలు.

పిల్లలకి కూడా ఆటలాగా చెప్పండి: "మంట అంటే లిఫ్టు ఎక్కం, మెట్లు దిగుతాం." బయటికి వెళ్ళే వీలు లేకపోతే తలుపు కింద తడిగుడ్డ కుక్కి, కిటికీ దగ్గరికి వెళ్ళి అరవాలి, 112కి ఫోను చెయ్యాలి. భయపెట్టడానికి కాదు సుమండీ, గ్యాసు కట్టేసి పడుకున్నట్టే ఇదీ ఒక అలవాటు.

గదిలో అడుగుపెట్టగానే

దుప్పటి ఎత్తి పరుపు అంచులు చూడండి, నల్లులుంటే అక్కడే కనిపిస్తాయి. కుళాయిలు తిప్పి, ఫ్లష్షు నొక్కి చూడండి. బాల్కనీ ఉంటే కడ్డీల మధ్య సందు ఎంతుందో, పక్కనే ఎక్కడానికి కుర్చీ ఉందేమో గమనించండి. మా పక్కింటి పాప వయసు పిల్లలకి కుర్చీ అంటే నిచ్చెనే. ఆ కుర్చీ లోపల పెట్టేసి, బాల్కనీ తలుపుకి పై గడియ వెయ్యండి. తలుపు లోపలి గొళ్ళెం గట్టిగా లేకపోతే అప్పటికప్పుడే గది మార్పించుకోండి. సామాను సర్దాక అడిగితే "రేపు చూద్దాం" అంటారు.

పెద్దలందరి గుర్తింపు కార్డులు అడుగుతారు. ఆధారు జిరాక్సులు ఒక కవరులో పెట్టుకెళితే కౌంటరు దగ్గర బ్యాగులన్నీ విప్పే పని తప్పుతుంది. హోటలు కార్డు ఒకటి ఎదిగిన పిల్లల జేబులో వెయ్యండి, తప్పిపోతే అక్కరకొస్తుంది.

ఎప్పుడు వెళ్ళాలి? ఏ రోజు వద్దు?

ఎండాకాలంలో అక్కడి ఎండకన్నా ఉక్క ఎక్కువ. చెమట ఆరదు. ఏసీ లేకుండా పిల్లలు పడుకోలేరు. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని ఎంత అతలాకుతలం చేసిందో ఎవరూ మరిచిపోరు. ఆ నెలల్లో వెళితే బుకింగు రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిస్తారా అన్నది అడిగే కట్టండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి.

అక్షయ తృతీయనాడు సింహాచలంలో చందనోత్సవం. ఏడాదికి ఒక్కసారి స్వామి నిజరూప దర్శనమిచ్చే రోజు. ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ. మార్గశిర గురువారాలు కనకమహాలక్ష్మి గుడి దగ్గర కిటకిట. ఈ రోజుల్లో గదులు దొరకవు, దొరికినా మండిపోయే రేటు. అవి చూడడానికే వెళితే ముందుగా బుక్ చేసుకోండి, లేదా వారం అటూ ఇటూ జరపండి. ఇంకోటి, కురుసురాకీ, జంతుప్రదర్శనశాలకీ సోమవారం సెలవు. ఆ రోజు సింహాచలానికో, కైలాసగిరికో పెట్టుకోండి. జలాంతర్గామి లోపల దారి చాలా ఇరుకు. మోకాళ్ళ నొప్పులవాళ్ళని బయట బెంచీ మీద కూర్చోబెట్టడమే మేలు.

సముద్రం ఎంత అందంగా ఉన్నా, రామకృష్ణా బీచిలో అలలు మోసం చేస్తాయి. అడుగు కింద ఇసక జారి లోపలికి లాగేస్తుంది. హోటలువాళ్ళనీ, ఒడ్డున ఉండే జాలరివాళ్ళనీ అడగకుండా ఎవరూ నీళ్ళలోకి దిగకండి. పాదాలు తడిస్తే చాలు. పిల్లల చెయ్యి మీ చేతిలో ఉండాలి, ఫొటో తీసే ఫోను కాదు.

ఇల్లాలికి కూడా సెలవే!

ఇప్పుడు మొదట చెప్పిన కాగితం తియ్యండి. మీ పేరు ఎదురుగా ఏం రాసుకున్నారు?

మా పక్కింటి అమ్మాయి చాలాసేపు ఆలోచించి, "పొద్దున్న ఎవరైనా కాఫీ చేతికిస్తే తాగాలనుంది పిన్నిగారూ" అంది. చూడండి, అంతే కోరిక! "ఖర్చు కలిసొస్తుంది, వంటగది ఉన్న గది తీసుకుందాం" అన్నారట వాళ్ళాయన. పసిబిడ్డకి పాలు, గుజ్జన్నం వరకూ అది మంచిదే. వారం పది రోజులుండేవాళ్ళకీ లాభమే. కానీ మూడు రోజుల సెలవులో కూడా మూడు పూటలా వండాలంటే ఇల్లు మారింది గానీ పని మారలేదన్నమాట! ఉదయం టిఫిను అద్దెలో కలిసే గది తీసుకోమన్నాను. మధ్యాహ్నం బయట భోజనం. సాయంత్రం బీచిలో ముంత మసాలా. రాత్రికి పెరుగన్నం తెప్పించుకుంటే చాలు.

ఒకప్పుడు పల్లకీలు మోసే బోయీలు ఉండేవారు కాబట్టి మా పేటకి ఆ పేరొచ్చిందంటారు. మోసేవాళ్ళు కూడా మధ్యమధ్య పల్లకీ దింపి ఊపిరి తీసుకునేవాళ్ళే కదా! మూడు రోజులు దింపుకుంటే తప్పేం లేదు.

చివరికి ఆ అమ్మాయి ఏం చేసిందంటారా? నా ఎదురుగానే నాలుగు హోటళ్ళకి ఫోను చేసింది. రెండింట్లో లిఫ్టు లేదు. మూడోవాడు మెట్ల గురించి అడిగితే విసుక్కున్నాడు. నాలుగోది డాబాగార్డెన్స్ వైపు. 24 గంటల చెకౌటు, రెండో అంతస్తు, కూర్చునే కమోడు, రెండు మెట్లదార్లు. "పెద్దావిడ ఉన్నారా అమ్మా? లిఫ్టు పక్క గది ఇస్తాం" అన్నాడట. సముద్రం కిటికీలోంచి కనిపించదు. "ఏం ఫరవాలేదు, అత్తయ్యని రోజూ తీసుకెళ్ళి ఇసకలో కూర్చోబెడతాను" అంది. ఆ మాటతో నా మనసు కుదుటపడింది.

ప్రయాణం చిట్కా

రైల్లోకి పులిహోర తీసుకెళ్ళేవాళ్ళు చింతపండు గుజ్జుని ఉప్పు, పసుపు, నూనె వేసి దగ్గరపడేదాకా బాగా ఉడికించండి. అన్నం పళ్ళెంలో పరిచి పూర్తిగా చల్లారాకే కలపండి. వేడి మీద డబ్బాలో మూత పెడితే చెమర్చి పాడైపోతుంది. తిరిగొచ్చేటప్పుడు మాడుగుల హల్వా తెచ్చుకోవడం మరిచిపోకండి. గోధుమపాలతో, నెయ్యితో చేసే ఆ హల్వా ఇరుగుపొరుగుకి పంచితే, ఇల్లు చూసుకున్నందుకు వాళ్ళూ సంతోషిస్తారు.